చేపల తొట్టి దగ్గర నీరుగంటి మారెన్న

మారెన్న ముప్పై ఏళ్ళు నీరుగంటి. కాలువ గట్టున రోజూ ఏడు మైళ్ళు నడిచి, వంతుల ప్రకారం రైతుల మళ్ళకు నీళ్ళు వదలడం అతని పని. ఆ నడకే అతని మోకాళ్ళను తినేసింది. అందుకే 1956లో సర్కారువాళ్ళు కర్నూలుకు ఎగువన, కాలువ పక్కనే చేపపిల్లల తొట్టి కట్టి కాపలాకు మనిషి కావాలంటే, కాళ్ళావేళ్ళా పడి ఆ పని సంపాదించాడు. కూర్చుని చేసే పని! ఇన్నాళ్ళకు దేవుడు కళ్ళు తెరిచాడనుకున్నాడు.

కాలువ నీళ్ళు ఒట్టి బురద. అవి కంకర, ఇసుక నింపిన పీపాలో పడి, తేటపడి, గొట్టంలోంచి తొట్టిలోకి దూకుతాయి. అవతలి కొసన జల్లెడ కట్టిన తూములోంచి బయటికి పోతాయి. గొట్టానికి ఒక మర ఉంది. ధార పెంచినా తగ్గించినా దానితోనే.

మొదటి విడత పిల్లలు కుండల్లో వచ్చాయి. ఒక్కొక్కటి వడ్లగింజంత. మారెన్న మర పూర్తిగా తిప్పేశాడు. ఎందుకు తిప్పడు? గుక్కెడు నీళ్ళకు తలలు పగలగొట్టుకునే సీమలో పుట్టినవాడు. వచ్చినవాళ్ళకు ధారాళంగా నీళ్ళివ్వడమే అతనెరిగిన మర్యాద. పిల్లలన్నీ ధారకు ఎదురుగా గుంపుకట్టి తోకలాడిస్తుంటే, నీళ్ళు చూసి సంబరపడుతున్నాయని మురిసిపోయాడు. మూడో రోజుకు అన్నీ జల్లెడకు అతుక్కుని చచ్చిపోయాయి.

చేపల ఇన్‌స్పెక్టరు మండిపడ్డాడు. "ఇంగొక విడత తెప్పిస్తా. అవీ సచ్చినాయంటే నువ్వు మళ్ళా గట్టు మీదికే పో."

రెండో విడత వచ్చింది. నీళ్ళు తగ్గితే ఇవీ చస్తాయేమోనని మారెన్న మర మళ్ళీ పూర్తిగానే తిప్పాడు. మధ్యాహ్నం సంగటి తెచ్చిన పెళ్ళాం గిడ్డమ్మ తొట్టిలోకి వంగి చూసింది.

"అయ్యో, అవి ఆడుకుంటాండాయనుకుంటివా? కొట్టుకపోకుండా పెనుగులాడతాండాయి. నారుమడికి ఇట్లే ఇడుస్తావా నీళ్ళు?"

మారెన్నకు సిగ్గుతో తల వాలిపోయింది. మొలక కొట్టుకుపోకుండా, మడిలోకి నీళ్ళు పారే మడవలో గడ్డి అడ్డం పెట్టి నీళ్ళు వదలాలని ఊరందరికీ చెప్పేది తనే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

వెంటనే గొట్టం మూతికి గడ్డి చుట్ట కట్టాడు. ధార విరిగి పడేలా కింద ఒక బండ పెట్టి, మర తగ్గించాడు. కాసేపటికి పిల్లలు పైకి తేలి నోళ్ళు తెరవసాగాయి. నీళ్ళు ఎక్కువైతే కొట్టుకుపోతాయి, తక్కువైతే ఊపిరాడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజూ మర్నాడూ తొట్టి గట్టునే కూర్చుని, వెంట్రుకవాసి తిప్పడం, చూడడం, మళ్ళీ తిప్పడం. పిల్లలు తొట్టంతా చెదిరి నింపాదిగా తిరిగేసరికి మారెన్న కళ్ళు మండుతున్నాయి, నడుము పట్టేసింది. కూర్చుని చేసే పని కూడా మనిషిని ఇంతగా పిండుతుందని అతను అనుకోలేదు.

పది రోజులకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. జల్లెడ తీసి చూశాడు. ఒక్క పిల్లా చావలేదు.

"ఏం చేసినావప్పా?"

"నేనేం చేయలే సార్, మా ఆడది చెప్పింది. పసివి యాడున్నా పసివే. నీళ్ళు మెల్లగా ఇడవాల."

ఇన్‌స్పెక్టరు మారెన్న భుజం తట్టాడు. "నీ చెయ్యి మంచిది. దిగువన నువ్వు తిరిగిన ఏడు మైళ్ళలో ఇంగా నాలుగు తొట్లు కట్టిస్తాండాం. అన్నిట్లో నీళ్ళు చూసే పని నీదే. దినామూ ఒక తూరి పోయిరా."

ముప్పై ఏళ్ళుగా దొరలకు మారెన్న ఇచ్చిన జవాబు ఒక్కటే. "అట్లనే సార్" అన్నాడు. మోకాళ్ళను అడక్కముందే నోరు ఒప్పేసుకుంది.

ఇన్‌స్పెక్టరు వెళ్ళాక గిడ్డమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "కాదనేకి నోరు రాల్యా?"

"రాలే" అన్నాడు మారెన్న.