దాలయ్య జీపులో ఉత్తి లివరు

మా తాత దాలయ్యకి భయపడడానికి కారణం అక్కర్లేదు. ఉరిమితే భయం, కుక్క మొరిగితే భయం. ఎవరైనా ఆప్యాయంగా "దాలయ్యా" అని పిలిస్తే, ఎవరి కొంప మునిగిందోనని ఇంకా భయం. అన్నిటికంటే పెద్ద భయం సముద్రమంటే. జాలారిపేటలో పుట్టినవాడు సముద్రానికి జడవడమంటే చేప నీళ్లకి జడిసినట్టే.

కుర్రతనంలో వాళ్ల నాన్నతో వేటకి వెళ్తే తెప్ప తిరగబడింది. వలలో కాలు చిక్కుకుని నీళ్ల కింద ఉండిపోయాడు. పైకి లాగారు గాని, సగం మనిషి అక్కడే ఉండిపోయాడని మా నానమ్మ పోతమ్మ అంటుంది. ఆ తర్వాత ఆయన తెప్ప ఎక్కలేదు. మల్కాపురంలో డ్రైవింగు నేర్చుకుని, మిలటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన పాత జీపు ఒకటి సంపాదించాడు. చేపల గంపల్ని మార్కెట్టుకి చేర్చేవాడు. గాలివాన వస్తే పెద్ద తెప్పలకి తాడు కట్టి, ఇసకలోంచి గట్టు మీదికి లాగేవాడు.

గేరు రాడ్డు పక్కన ఎర్ర బుడిపెతో ఇంకో చిన్న లివరు ఉండేది. మామూలుగా జీపుని వెనక చక్రాలే నడుపుతాయి. ఆ లివరు లాగితే ముందు చక్రాలు కూడా పట్టు అందుకుని, ఎంత ఇసకలోంచైనా బండిని బయటికి తెస్తాయి. వేటకి వెళ్లని మగాడికి పేటలో మర్యాద దొరికిందంటే ఆ లివరు పుణ్యమే. "నాలుగు సక్రాల దాలయ్య" అనేవారు. పండగనాడు తెప్పలతో పాటు జీపుకీ పసుపు రాసి నిమ్మకాయ కట్టేవారు.

తొంభైల చివర్లో ఓ వేసవిలో జీపు ముందు భాగంలో కటకటమని చప్పుడు మొదలైంది. దాలయ్యకి అన్నం సయించలేదు. మల్కాపురంలో మెకానిక్కు కామరాజు దగ్గరికి తీసుకెళ్లాడు.

"ముందు ఇరుసులో పళ్లు అరిగిపోనాయి మావా. దీనికి సామాను ఎక్కడా దొరకదు. ఓరోజు రోడ్డు మీద సక్రం బిగుసుకుపోద్ది. బండి పల్టీ."

పల్టీ అన్న మాటకే దాలయ్య జీపుకి దూరంగా జరిగాడు.

"తీసీరా. ఇప్పుడే తీసీ."

కామరాజు ఇరుసులోని పళ్ల చక్రాలు తీసేసి, వాటిని తిప్పే పొడవాటి షాఫ్టు విప్పేశాడు. ఇక ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి, బండిని లాగవు. "స్టీరింగు పువ్వునాగ తిరుగుద్ది, డీజిలూ కలిసొస్తాది" అంటూ లివరు కూడా పీకబోయాడు. దాలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది ఉండనీ."

"ఉత్తి లివరు మావా. లాగినా ఏటవదు."

"కనిపిస్తాది గదరా. ఉండనీ."

షాఫ్టుని గోనెసంచిలో చుట్టి తెచ్చి మంచం కింద తోశాడు. ఏటది అని పోతమ్మ అడిగింది.

"ఇనుము. ఇంట్లో ఉంటే దెయ్యాలు రావు."

"దెయ్యానికి నీ కాడ పనేటయ్యా? అది రాకముందే జడిసిపోతావ్ గదా."

అప్పటి నుంచి జీపు మెత్తటి ఇసకలోకి దిగలేదు. నడుం నొప్పనీ, టైరు కొత్తదనీ సాకులు చెప్పేవాడు. కాని నలుగురూ చూస్తుంటే మాత్రం ఆ ఎర్ర బుడిపెని ఠీవిగా లాగేవాడు. అడిగేవాళ్లు ఎవరూ లేరు. చెప్పే ధైర్యం ఆయనకి లేదు. నాలుగు చక్రాలు లేకపోతే ఆయన ఉత్త దాలయ్య.

కార్తీకంలో తుపాను పట్టింది. ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారు. మగాళ్లంతా కలిసి చిన్న తెప్పల్ని గట్టుకి మోసేశారు. పోతమ్మ తమ్ముడు దుర్గారావు కొత్తగా కొన్న పెద్ద ఫైబరు తెప్పని మాత్రం ఆఖర్న లాగొచ్చని వదిలారు. ఆ ఇంటికంతా అదే బతుకు. దానికేం భయం, జీపుంది కదా!

"బావా, బేగి రా!" అని దుర్గారావు కేకేశాడు.

దాలయ్య జీపుని వెనక్కి నడుపుతూ తడి ఇసకలోకి దించాడు. క్లచ్చు మీద పాదం నిలవడం లేదు. వెనక కొక్కేనికి తాడు కట్టారు. అందరి కళ్లూ లివరు మీదే. లాగాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇసక చిమ్మాయి. జీపు కదల్లేదు, కూరుకుంది. ఇంతలో ఓ అల లోపలికొచ్చి పాదాలు తడిపింది. ఆ చల్లదనం కాలి మడమని పట్టుకున్నట్టు తోచింది, చిన్నప్పుడు వల పట్టుకున్నట్టే.

అల వెనక్కి తగ్గింది. తెప్పని తనతో ఈడ్చింది. తాడు బిగిసింది. జీపు జానెడు సముద్రం వైపు జారింది.

"లివరు లాగు బావా!"

"లాగీసినాను!"

"మరి ముందు సక్రాలు తిరగవేటి?"

దాలయ్య గొంతులోంచి మాట దానంతటదే ఊడిపడింది. "అది ఉత్తిదిరా! ముందు ఏటీ నేదు! తీయించీసినాను!"

దుర్గారావు నడుం దగ్గరి కత్తి తీశాడు.

"తాడు కోసెత్తాను, దిగిపో బావా. తెప్ప పోతే పోనీ."

దిగిపొమ్మంటే దిగిపోవడం కంటే దాలయ్యకి కావలసిందేముంది? తలుపు లేని జీపు, కాలు బయటపెడితే చాలు. పెట్టాడు కూడా. కాలి కింద ఇసక కరిగిపోతుంటే కెవ్వుమని మళ్లీ లోపలికి లాక్కున్నాడు.

"కోయకు! బరువు కావాల! ఎనకాల బరువెయ్యండి, సక్రాలకి పట్టొస్తాది!"

"ఎక్కండే!" అని పోతమ్మ పమిట దోపుకుంది. గట్టు మీద గంపలతో నిలబడ్డ చేపల ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చి జీపు వెనక ఎక్కేశారు. ఆఖర్న మహాలక్ష్మమ్మ ఎక్కితే స్ప్రింగులు మూలిగాయి.

"ఇన్నాళ్లకి నా ఒళ్లు పేటకి పనికొచ్చినాది. లాగవయ్యా!"

తర్వాతి అల తెప్పని ముందుకి నెట్టింది. తాడు వదులైంది. దాలయ్య కళ్లు మూసుకుని, గంగాలమ్మకి మొక్కుకుని, క్లచ్చు మెల్లగా వదిలాడు. చక్రాలు కొరికాయి. జీపు మూలుగుతూ పాకింది. తెప్ప ఇసకలో పరిచిన దుంగల మీదికెక్కింది. దుర్గారావు వాళ్లు వెనక నుంచి నెట్టారు, ఆడవాళ్లు దిగకుండా తిట్టారు. గట్టి నేల తగిలాక కూడా ఆయన ఆపలేదు. తారు రోడ్డు దాకా పోయాడు.

ఆపాక స్టీరింగు వదలడానికి వేళ్లు రాలేదు. దుర్గారావు ఒక్కొక్క వేలే విప్పాడు.

"ముందే సెప్తే ఏటైపోద్ది బావా? నా తెప్పనే ముందు మోసుకుందుం గదా."

దాలయ్య తలెత్తలేదు. "సెప్తే మీరు నన్ను పిలవరు గదరా."

తర్వాతి గాలివానకి దుర్గారావు మళ్లీ పిలిచాడు, ఆడవాళ్లని ముందే ఎక్కించి.

తెప్ప గట్టెక్కిన రాత్రి పోతమ్మ మంచం కిందికి వంగి గోనెసంచి బయటికి ఈడ్చింది.

"ఇదేటో నాకెప్పుడో తెలుసు. రోజూ ఊడిసేది నాను గదా. ఇంక దాసడమెందుకు, పారేద్దునా?"

బయట గాలి తలుపుని కొడుతోంది. దాలయ్య దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"ఉండనీయే," అన్నాడు. "ఇనుము గదా."