వెంకటసుబ్బయ్యగారి ముప్ఫై

జనక్‌పురిలో మా బ్లాకు తెలుగువాళ్ళకు ఏ అవసరం వచ్చినా వెంకటసుబ్బయ్యగారే దిక్కు. గ్యాసు సిలిండరు రాకపోయినా, స్టేషను నుంచి ఎవరి అత్తగారిని తేవాలన్నా ఆయనా, ఆయన సైడ్‌కారు స్కూటరూ హాజరు. తెనాలి దగ్గరి మనిషి, కేంద్ర మంత్రిత్వశాఖలో అసిస్టెంటు. రోజూ ఆఫీసుకు వెళ్తూ మా ఆరేళ్ళ అరుంధతిని సైడ్‌కారులో కూర్చోబెట్టుకుని తెలుగు బడి దగ్గర దించేవారు. బడి బస్సు మా వైపు రాదు. నేనూ, మా ఆయన రంగనాథూ పొద్దున్నే ఉద్యోగాలకు పరుగెత్తాలి. 1979లో మా పిల్ల క్షేమం ఆయన చేతుల్లోనే ఉండేది.

ఆయనకు ఒకటే సిద్ధాంతం. స్పీడోమీటరు ముల్లు ముప్ఫై మీద ఉండాలి, కదలకూడదు. తిన్నటి రోడ్డులో ముప్ఫై, కూడలిలో రోడ్డు గుండ్రంగా తిరిగే గోల్ చక్కర్ చుట్టూ కూడా ముప్ఫై. బ్రేకు వేయడం ఆయన లెక్కలో చేతకానితనం.

ఓ సాయంత్రం స్నానం చేయిస్తుంటే పిల్ల ఎడమ మోచెయ్యి కమిలి కనిపించింది. ఎడమ భుజం కూడా. కుడివైపు ఒక్క మచ్చ లేదు. అడిగితే, "గోల్ చక్కర్ మే లగ్ జాతా హై, మమ్మీ," అంది, గోల్ చక్కర్‌లో దెబ్బ తగలడం మామూలే అన్నట్టు. అక్కడే నీళ్ళసీసా కూడా ఎగిరి రోడ్డవతల పడిందట.

నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీ. ఆ చదువు వల్ల నా భయం రెట్టింపయింది. సీసా పోయిన దారినే పిల్ల కూడా పోగలదని నాకు తెలుసు.

ఆయన్ని పిలిచి, కాఫీ ఇచ్చి చెప్పాను. ముల్లు చూపించేది వడి ఒక్కటే. వేగమంటే వడితోపాటు దిక్కు కూడా. గుండ్రంగా తిరిగేటప్పుడు వడి మారకపోయినా దిక్కు క్షణక్షణం మారుతుంది, అంటే వేగం మారుతున్నట్టే. బండిని చక్రాలు లోపలికి తిప్పుతాయి; పిల్ల మాత్రం తిన్నగా పోబోయి రేకు గోడకు కొట్టుకుంటుంది.

ఆయన కాఫీ ఆఖరి చుక్కదాకా తాగారు.

"అమ్మాయ్, ముల్లు కదిలిందా?"

"లేదంకుల్. కానీ దిక్కు మారిందిగా."

"దిక్కు మారకపోతే బడికెలా వెళ్తామమ్మా? తిన్నగా పాలం విమానాశ్రయానికి పోతాం."

పళ్ళెంలో గోలీ తిప్పి చూపించాను. ఆయన ఆ గోలీ తీసి అరుంధతికి ఆడుకోమని ఇచ్చారు. ఆ మనిషిమీద కోప్పడనూ లేను, పిల్లని పంపడం మాననూ లేను. మానితే మా ఇద్దరిలో ఒకరు ఉద్యోగం వదులుకోవాలి.

చలికాలంలో ఆయన కుడి మణికట్టు బెణికింది. ఆ ఆదివారం తెలుగు సంఘం భోజనాలకు రంగనాథ్ స్కూటరు నడిపాడు. నేను వెనక సీటులో, ఆయన మొట్టమొదటిసారి సొంత సైడ్‌కారులో. ముల్లు ముప్ఫై మీదనుంచి కదలనివ్వొద్దని మా ఆయనకు ముందే చెవిలో చెప్పాను. పెద్దాయనతో ఇదేం పని అని విసుక్కున్నాడు గాని, అలాగే నడిపాడు.

మొదటి గోల్ చక్కర్‌లో ఆయన మంకీ టోపీ కళ్ళమీదికి జారింది, భుజం రేకుకు కొట్టుకుంది. రెండోదానిలో కేక పెట్టారు.

"రంగనాథ్, యాభైలో పోతున్నావేమయ్యా!"

"ముప్ఫైయే అంకుల్," అన్నాను ముల్లు చూసి.

ఆయన ఎడమచేత్తో రేకు అంచు గట్టిగా పట్టుకున్నారు. హమ్మయ్య, తెలిసొచ్చిందనుకున్నాను. దిగాక మెడ సవరించుకుంటూ, "మీటరు పాడైంది. ముప్ఫై ఎలా ఉంటుందో నాకు తెలీదా?" అన్నారు.

మర్నాడు మెకానిక్ మీటరు బాగానే ఉందన్నాడు. వాడికేమీ తెలియదని ఈయన తేల్చేశారు. అప్పట్నుంచి ప్రతి గోల్ చక్కర్ దగ్గరా పదిహేనుకు తగ్గించడం మొదలుపెట్టారు, ఆ మీటరు మలుపుల్లో అబద్ధం చెబుతుందట. తిన్నటి రోడ్డులో నిజం చెప్పి మలుపులో అబద్ధమాడే మీటరు! నా నోరు దురద పెట్టింది.

పిల్ల మోచెయ్యి మాత్రం మానింది.

ఓ రోజు మెట్లదగ్గర నలుగురి ముందు నన్ను ఆపారు. "నువ్వు ఎమ్మెస్సీవి కదమ్మా, నువ్వే చెప్పు. మీటరు చెడినట్టేనా?"

బాగానే ఉందంటే రేపు మళ్ళీ ముప్ఫై.

"చెడినట్టే అంకుల్," అన్నాను పళ్ళు బిగించి. "మీరు పదిహేనులోనే తిరగండి."