ఇశ్రాయేలు గారి ఆమెన్

కృష్ణలంకలో ఇప్పుడు ఎవరిని కదిపినా ఒకటే మాట. రిటైరైన కండక్టరు ఇశ్రాయేలు గారు తప్పతాగి సినిమాకి వెళ్ళారట. హాలు మధ్యలో మోకాళ్ళూని ప్రార్థన పెట్టించారట. మేనేజరు లైట్లు వేయించి, రెక్క పట్టుకుని బయటికి నడిపించాడట. కరకట్ట దగ్గర టీ బంకులో పుట్టిన ఈ కబురు రామలింగేశ్వర నగర్ చేరేసరికి, హాల్లో సగం మందికి ఆయన బాప్తిస్మం కూడా ఇచ్చేశారు. మాటకి కాళ్ళుండవు గాని బస్సు పాసు ఉంటుంది మరి.

ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆరోజు ఆయన తాగింది ఇంటర్వెల్లో ఒక గోలీసోడా. అదీ సగమే, మిగతాది మనవరాలు జెస్సికా లాక్కుంది. మోకాళ్ళూ ఊనలేదు. ఆ కీళ్ళ నొప్పుల మనిషి సీట్ల సందులో మోకాళ్ళూనితే మళ్ళీ లేపడానికి క్రేను రావాలి. ఆయనన్నది ఒక్క మాట. ఆమెన్. పక్క సీట్లో కూర్చుని ఆ మాట చెవులారా విన్నది ఆయన భార్య దీవెనమ్మ. ఆవిడకి అంతుపట్టనిదల్లా, ఆ మాట ఆయన ఎందుకన్నాడన్నదే.

ముందు ఆ గొంతు సంగతి తెలియాలి. చల్లపల్లి బస్సులో పనిచేసినన్నాళ్ళూ ఇశ్రాయేలు గారు విజిలు ఊదిన పాపాన పోలేదు. "కంకిపాడు దిగేవాళ్ళు రావాలి!" అని ఒక్క కేక వేస్తే, ఉయ్యూరు దాకా కునుకు తీద్దామనుకున్న వాళ్ళు కూడా సంచులు సర్దుకుని లేచి నిలబడేవాళ్ళు. ముసలమ్మ మెట్టెక్కిందా, చంటిపిల్ల తల్లి సీట్లో కూర్చుందా, అన్నీ చూసుకుని ఆయన "రైట్!" అంటేనే డ్రైవరు బండి కదిలించేవాడు. అనకపోతే ఇంజను అలా గురగురలాడుతూ ఉండాల్సిందే.

ఆదివారం వచ్చేసరికి అదే గొంతు ప్రార్థన మందిరంలో ముందు బెంచీ మీద కూర్చునేది. పాస్టరు ఫిన్నీ గారు వయసులో చిన్నవాడైనా వాక్యం చక్కగా చెబుతాడు. మంచి మాట చెప్పినప్పుడల్లా ఆగి, విన్నవాళ్ళ వైపు చూస్తాడు. విన్నవాళ్ళు ఆమెన్ అనడం ఆ మందిరంలో ఆనవాయితీ. మిగతావాళ్ళు పెదవుల చివర గొణుగుతారు. ఇశ్రాయేలు గారిది మాత్రం గంట కొట్టినట్టు ఉంటుంది. అది పడితే పాస్టరు గారు హాయిగా తర్వాతి మాటలోకి వెళ్ళిపోతాడు.

అలాంటి మనిషిని జెస్సికా సినిమాకి లాక్కెళ్ళింది. "తాతయ్యా, బెజవాడ మొత్తం చూసేసింది, మిగిలింది నువ్వూ నానమ్మే," అని సాధించి, గాంధీనగర్‌లో మ్యాటినీకి కూర్చోబెట్టింది. ఇంగ్లీషు సినిమాకి తెలుగు మాటలు తగిలించారు. హీరోకి చేతుల్లోంచి మెరుపులొస్తాయి. కొండంత రాతి రాక్షసుడొకడు ఆకాశంలో ఉన్న చంద్రుణ్ణి గొలుసులు వేసి కిందికి లాగుతుంటాడు. ఏ మాటకామాటే, సినిమా బాగుంది. దీవెనమ్మ పాప్‌కార్న్ గుప్పిట్లో పట్టుకుని నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది. మేడలు కూలుతున్నాయి, వంతెనలు విరుగుతున్నాయి, జనం పరుగులు తీస్తున్నారు, చంద్రుడు గోపురాలకి తగిలేంత దగ్గరికి వచ్చేశాడు.

సరిగ్గా అప్పుడు హీరో గాల్లో ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడయ్యా అంటే, హీరోయిన్‌తో మాట్లాడ్డానికి. ఆ పిల్ల విరిగిన మేడ చివర నిలబడి ఉంది. ఊరంతా దుమ్ము గాని, ఆ పిల్ల జుట్టు మాత్రం ఇప్పుడే తలంటుకున్నట్టు ఎగురుతోంది. వాయిద్యాలు ఆగిపోయాయి. రాక్షసుడు కూడా మర్యాదస్తుడిలా ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి ఎదురు చూస్తున్నాడు. హీరో ఆ పిల్ల గడ్డం పట్టుకుని, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో అన్నాడు:

"చంద్రుడు పడిపోతే ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. నీ చిరునవ్వు పడిపోతే... నేనెక్కడని వెతుక్కోను?"

అని ఊరుకున్నాడు. ఆ పిల్లా ఊరుకుంది. చప్పట్లు కొడతారని కాబోలు, సినిమా తీసినవాళ్ళు అక్కడ బోలెడంత ఖాళీ వదిలారు. కొట్టినవాడు లేడు. ఎవరో దగ్గారు. ఎవరిదో సీటు కిర్రుమంది. దీవెనమ్మకే ఎటు చూడాలో తెలియక పాప్‌కార్న్ వైపు చూసుకుంది. పక్కన ఇశ్రాయేలు గారు ముందు సీటు వీపుని రెండు చేతులా పట్టుకుని, మెడ చాచి, తెర వైపు వంగుతున్నాడు. వంగి, వంగి...

"ఆమెన్!"

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత హాలు పేలిపోయింది. బాల్కనీలో ఈలలు. ముందు వరసలో ఒకడు నవ్వలేక సీటు మీంచి జారిపోయాడు. తెర మీద చంద్రుణ్ణి ఎవరు ఆపారో, రాక్షసుడు ఎలా చచ్చాడో ఆ ఆటకి వచ్చిన ఒక్కరికీ తెలియదు. జెస్సికా చున్నీ మొహం మీదికి లాక్కుని, "తాతయ్యా, ప్లీజ్, నా ఫ్రెండ్స్ ఉన్నారిక్కడ!" అంటూ సీటులోకి కూరుకుపోయింది. ఇశ్రాయేలు గారు మాత్రం వెనక్కి తిరిగి జనాన్ని చూసి, అప్పుడే నిద్ర లేచినవాడిలా, మెల్లగా నోటి మీద చెయ్యి వేసుకున్నాడు.

అంతే జరిగింది. కాని హాల్లో ఫోను లేనివాడెవడు? తెల్లారేసరికి ఆ కేక ఊరంతా పాకింది. తర్వాతి ఆటల నుంచి ఆ మాట రాగానే కుర్రాళ్ళంతా కలిసి ఆమెన్ అనడం మొదలెట్టారట, దానికోసమే రెండోసారి వెళుతున్నారట. వీధిలో పాల ప్యాకెట్టుకి వెళితే, "ఆమెన్ తాతా, బాగున్నావా?" అని బండ్ల మీంచి పలకరింపులు.

గోడవతల శివపార్వతి ఊరుకుంటుందా? బట్టలారేస్తూనే అందుకుంది.

"ఏం వదినా, అన్నయ్య గారు సినిమా హాల్లో వాక్యం చెబుతున్నారట?"

"వాక్యం లేదు, వంకాయా లేదు. ఏదో నోరు జారింది."

"నోరు జారితే అంత గట్టిగా జారుతుందా? మా ఆయన నోరు జారితే నాకే వినబడదు."

"మీ ఆయన బస్సులో పనిచేయలేదుగా!" అని దీవెనమ్మ బకెట్టు తీసుకుని లోపలికి వచ్చేసింది. వచ్చిందే గాని, ఆ ప్రశ్న మాత్రం వెంటే వచ్చింది. అలవాటు కొద్దీ అన్నాడా? ఎగతాళికి అన్నాడా? ఎగతాళైతే మందిరంలో మాట పడుతుంది. అడుగుదామంటే మనిషి దొరికితేగా. ఇంట్లోనే ఉంటున్నాడు, కాని గొంతు ఎక్కడో దిగిపోయింది. కూరలో ఉప్పు ఎక్కువైనా మాట లేదు. అసలు ఉప్పే వేయకుండా పెట్టి చూసింది. కిక్కురుమనకుండా తిని, కంచం కడిగి బోర్లించాడు. దాంతో ఆవిడకి భయమేసింది. ఇన్నేళ్ళూ ఆ గొంతు తగ్గించమని తలబాదుకున్న మనిషి, ఇప్పుడు అది ఒక్కసారి వినబడితే చాలు ప్రభువా అనుకుంటోంది.

ఆ ఆదివారం పాస్టరు గారు వాక్యం మధ్యలో "మన నోటికి మనమే కావలి ఉండాలి" అన్నాడు. ఎవరిని ఉద్దేశించీ కాదు. కాని ఇశ్రాయేలు గారు అది తనకే అనుకున్నాడు. పై ఆదివారం నుంచి ముందు బెంచీ వదిలేసి, చెప్పులు విడిచే చోట, తిరగని ఫ్యాను కింద కూర్చోవడం మొదలెట్టాడు. ఆమెన్ లేదు. పెదవి కూడా కదపడం లేదు.

ఇక చూడండి పాస్టరు గారి అవస్థ. మంచి మాట చెప్పి ఆగుతాడు, ముందు బెంచీ వైపు చూస్తాడు, ఖాళీ. సరిగా చెప్పలేదేమోనని అదే మాట ఇంకోలా చెబుతాడు. మళ్ళీ చూస్తాడు. మళ్ళీ ఖాళీ. అలా చెప్పిందే చెప్పీ చెప్పీ, ఆరాధన అయ్యేసరికి ఇళ్ళల్లో కుక్కర్లు చల్లారిపోతున్నాయి. చివరికి ఒక సాయంత్రం ఆయనే దీవెనమ్మ ఇంటికి వచ్చాడు.

"అమ్మా, అయ్యగారికి నా మీద ఏమన్నా కోపమా?"

"అయ్యో, మీ మీద కోపమేంటండీ?"

"నా వాక్యంలో పస తగ్గిందా మరి? దాచకుండా చెప్పండమ్మా, సరిదిద్దుకుంటాను. ముందు బెంచీ ఖాళీగా కనబడుతుంటే, నాకు మాట ఎక్కడ ఆపాలో తెలియడం లేదు."

"సినిమా సంగతి మీరు వినలేదా?"

"ఏ సినిమా?"

ఊరంతా తిరిగిన కబురు, తిరగాల్సిన ఒక్క గడపా తొక్కలేదన్నమాట! దీవెనమ్మ జరిగిందంతా చెప్పింది. పాస్టరు గారు నవ్వు ఆపుకోబోయి కాఫీ పొలమారి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "ఆయన్ని ముందు బెంచీకి రమ్మనండమ్మా, మీకు పుణ్యముంటుంది," అని వెళ్ళిపోయాడు. లోపలి గదిలో ఇశ్రాయేలు గారు దుప్పటి ముసుగేసుకుని అన్నీ విన్నాడు. వినీ రానన్నాడు. "రమ్మనేది ఆయన మంచితనం. నేను నోరు తెరిస్తే మళ్ళీ నవ్వుతారే. హాల్లో నవ్వితే సినిమా పోయింది. మందిరంలో నవ్వితే?"

కోత పండుగ వచ్చింది. ఆరోజు మందిరానికి ఎవరి పంటలో తొలిఫలం వాళ్ళు తెచ్చి అర్పిస్తారు, తర్వాత వాటిని వేలం వేస్తారు. ఉయ్యూరు వాళ్ళు చెరుకు గడలు తెచ్చి స్తంభాలకి కట్టారు. బల్ల మీద గుమ్మడికాయలు, అరటి గెలలు, ధాన్యపు కంకులు. బల్ల కింద కాళ్ళు కట్టేసిన నాటుకోడి. వెనకవైపు పెద్ద గిన్నెల్లో పలావు. ఆ వాసనకి పిల్లలే కాదు, పెద్దలూ మెడలు తిప్పుతున్నారు. దీవెనమ్మ బెంచీ చివర చోటు చూసుకుని కూర్చుంది, అక్కడినుంచైతే మొగుడు కనబడతాడు.

పాస్టరు గారు ఆఖరి మాటకి వచ్చాడు. "విత్తిన చెయ్యి మనది, పండించిన చెయ్యి ఆయనది!" అని ఆగాడు. ముందు బెంచీ వైపు చూశాడు.

"కొక్కొక్కో," అంది బల్ల కింద కోడి.

పిల్లలు కిసుక్కుమన్నారు. పాస్టరు గారు మొహం తుడుచుకుని, మరింత గట్టిగా, "విత్తిన చెయ్యి మనది... పండించిన చెయ్యి ఆయనది!" అన్నాడు. ఎవరో దగ్గారు. ఏదో బెంచీ కిర్రుమంది. కోడి మళ్ళీ ఏదో అనబోయింది. ఎత్తిన చెయ్యి దించాలో వద్దో తెలియక పాస్టరు గారు అలాగే నిలబడిపోయాడు.

దీవెనమ్మ వెనక్కి తిరిగి చూసింది. తిరగని ఫ్యాను కింద ఇశ్రాయేలు గారు తన ఎదుటి బెంచీ వీపుని రెండు చేతులా పట్టుకుని, మెడ చాచి, ముందుకి వంగుతున్నాడు. అదే వంగడం. సినిమా హాల్లో వంగినట్టే. ఆవిడ లోలోపలే ఆయన్ని తొందరపెట్టింది: అను, అనేయి, నవ్వితే నవ్వారు...

"ఆమెన్!"

చెరుకు ఆకులు కదిలాయో లేదో గాని, కోడి మాత్రం నోరు మూసుకుంది. మందిరమంతా నవ్వింది. అందరికన్నా ముందు నవ్వింది పాస్టరు గారే. నవ్వుతూనే అందరూ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. వాక్యం ముగిసింది, వేలం మొదలైంది, పలావు ఇంకా పొగలు కక్కుతుండగానే వడ్డన జరిగింది. ఈమధ్య ఆ మందిరంలో అలాంటిది జరగలేదు.

వేలంలో పాడుకున్న గుమ్మడికాయని భుజానెత్తుకుని ఇశ్రాయేలు గారు ఇంటిదారి పట్టాడు. దారిలో బండి మీద పోతున్న కుర్రాడొకడు "ఆమెన్ తాతా!" అని అరిస్తే, "హెల్మెట్టు పెట్టుకోరా!" అని తిరిగి కేకేశాడు. వీధి చివర దాకా వినబడింది. దీవెనమ్మ ఇక ఉండబట్టలేక కొంగు దోపుకుని ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, ఇవాళ తేలాల్సిందే. ఆరోజు సినిమా హాల్లో ఆ మాట అలవాటు కొద్దీ అన్నారా, ఎగతాళికి అన్నారా?"

ఇశ్రాయేలు గారు గుమ్మడికాయని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"రెండూ కాదే. పాపం ఆ కుర్రాడు అంత మాట అనేసి గాల్లో వేలాడుతున్నాడు. ఆ పిల్ల పలకదు, ఆ రాక్షసుడు పలకడు, మన జనమూ పలకరు. ఎవరో ఒకరు రైట్ చెప్పకపోతే బండి ఎలా కదులుతుందే, అవతల చంద్రుడు పడిపోతుంటే?"