చిన్నమ్మికి నాలుగు లక్షల ఆదాయం

హోప్ టౌన్ చిన్నమ్మి ఇంటికి ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేల రూపాయల ఆదాయం ఉందని సర్కారు తేల్చింది. ఆ సంగతి చిన్నమ్మికి పెరట్లో బుట్ట కడుక్కుంటూ ఉండగా తెలిసింది.

కూతురు శ్రీలక్ష్మి ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి చదివింది. "రిజెక్ట్ అయిపోనాదమ్మా. ఇన్‌కమ్ జాదా ఉందంట. చార్ లాఖ్ బీస్ హజార్."

"ఎవులికే?"

"మనకే."

"సరిగ్గా సూడే. ఇంకెవులిదో అయ్యుంటాది."

"నాన్న పేరుంది, నీ పేరుంది. మనదే."

నాలుగు లక్షలు! ఈ రెండు గదుల రేకుల ఇంట్లో తనకు కనపడకుండా అంత డబ్బు ఎక్కడ కూర్చుందో చిన్నమ్మికి అంతుపట్టలేదు. ఒక్క క్షణం, పాపం, మొగుడి మీద కూడా అనుమానం వచ్చింది. యర్రయ్య ఏమైనా దాస్తున్నాడా? ఛ, చుట్ట ముక్క కూడా దాచుకోవడం చేతకాని మనిషి.

శ్రీలక్ష్మికి నర్సింగులో సీటు వచ్చింది. సీటు వస్తే సరిపోతుందా? ఫీజు, హాస్టలు కట్టాలంటే స్కాలర్‌షిప్పు రావాలి. స్కాలర్‌షిప్పు కావాలంటే ఆదాయం సర్టిఫికెట్టు పెట్టాలి. దానికి ఆఖరు రోజు వచ్చే శుక్రవారం. ఆ రోజు దాటితే పిల్ల చదువు అక్కడితో సరి. సర్టిఫికెట్టు దరఖాస్తులో డెబ్బై రెండు వేలని రాశారు, అదీ తల బద్దలు కొట్టుకుని. యర్రయ్య పనిచేసేది ఇంకొకరి పడవ మీద. పట్టిన చేపలో పడవకు, వలకు, డీజిలుకు పోగా మిగిలింది నలుగురు పంచుకుంటారు. ఒక రోజు తెస్తాడు, ఒక రోజు తేడు. అలాంటి సంపాదనకు ఏడాది లెక్క ఎక్కడినుంచి తెస్తారు చెప్పండి?

చిన్నమ్మి ఎలాంటి మనిషో కూడా ఇక్కడే చెప్పేయాలి. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవికి ఓడెక్కి వచ్చిన జాలరి. ఆమె పుట్టింది, పెరిగింది, పెళ్లాడింది ఈ గట్టునే. పొద్దున్నే మొదటి ఫెర్రీకి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని హార్బరు దాటి పట్నం బజారుకు పోతుంది. పదకొండేళ్లుగా మానలేదు. యర్రయ్య ఉత్త చేతులతో ఇంటికొచ్చిన రోజు కూడా మానలేదు, అదీ విశేషం. అలాంటి రోజుల్లో ఖాళీ బుట్ట మీద తడిగుడ్డ కప్పి, అందరితో పాటే ఫెర్రీ ఎక్కేది. మిగతా రోజుల్లో ఊరి ఆడవాళ్లతో కలిసి కూర్చునే బజారు వదిలేసి, ఆ రోజు ఇంకో బజారుకు పోయేది. అక్కడ జనం కొనుక్కున్న చేపలకు పొలుసు తీసి, ముక్కలు కోసిచ్చి, ఆ కూలి కొంగున కట్టుకుని సాయంత్రానికి వచ్చేది. ఊళ్లో పురుగుకైనా తెలియదని ఆమె ధీమా. "ఎలా ఉందే యాపారం?" అని ఎవరడిగినా, "బాగానే ఉన్నాది" అని నోరు దానంతట అదే అనేసేది.

సోమవారం ఆమె బస్సెక్కి తాసిల్దారు ఆఫీసుకు పోయింది. విచారణ చేసింది ఓ కుర్ర పట్వారీ. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మర్యాదస్తుడు. డైరీ తీసి చూపించాడు.

"దీదీ, నేనేం సొంతంగా రాయలేదు. మీరు బజార్లో ఉన్నారు, భయ్యా సముందర్ మీద ఉన్నాడు. మీ గావ్ వాళ్లనే అడిగాను. దేఖియే. టీ కొట్టు గవరయ్య, యర్రయ్యకు సొంత బోటు, రెండు ఇంజన్లు ఉన్నాయన్నాడు. కాళమ్మ, రోజూ మూడు బుట్టల మాల్ అమ్ముతారని చెప్పింది. ప్రోతరాపూర్‌లో ప్లాట్ కూడా ఉందట."

"ప్లాటా?"

"హాఁ. కొబ్బరి చెట్లతో సహా."

కాళమ్మ చిన్నమ్మికి పక్కింటి మనిషి, వరసకు వదిన. గవరయ్య కొట్టుకు తనేనాడూ బాకీ పెట్టలేదు. వాళ్లకు తనేం అపకారం చేసింది? పిల్ల నర్సవుతుంటే కన్ను కుట్టిందా? ఇంత విషం కడుపులో పెట్టుకుని రోజూ పక్కన కూర్చుని ఆకూవక్కా పంచుకుందా ఆ ముసల్ది?

"పోనీ మీరే చెప్పండి దీదీ," అన్నాడు పట్వారీ పెన్ను తీసి. "ఘర్ ఎలా నడుస్తోంది?"

"బాగానే నడుత్తన్నాది బాబూ," అనేసింది చిన్నమ్మి.

అని నాలిక కరుచుకుంది. పట్వారీ రెండు చేతులూ గాల్లోకెత్తాడు. "అరే, నేనేం రాయాలి మరి?"

ఎలాగో బతిమాలితే, బుధవారం మళ్లీ వస్తాను, చెప్పినవాళ్లు అక్కడే మార్చి చెబితే మార్చి రాస్తాను అన్నాడు.

ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా కాళమ్మ గుమ్మంలోకి దూసుకుపోయింది చిన్నమ్మి. "ఏటొదినా, నా కూతురి గొంతు కోత్తావా? ప్లాటేటి? కొబ్బరి సెట్లేటి?"

కాళమ్మ తెల్లబోయింది. "ఓలమ్మ! మంచి సెప్తే గొంతు కొయ్యడమేటే?"

"ఏటి మంచి?"

"మరి ఆ అబ్బాయి పెళ్లిసూపులోడు కాడేటి?"

కాసేపు ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ముక్క ముక్కగా తేలింది. చక్కటి కుర్రాడు మోటారుసైకిలు దిగి శ్రీలక్ష్మి పేరు అడిగాడట. తండ్రి ఏం చేస్తాడు, సొంత ఇల్లా అద్దె ఇల్లా, అన్నదమ్ములు ఎందరు అని అడిగాడట. వెరిఫికేషన్ అన్నాడట గానీ, ఈ రోజుల్లో సంబంధాల వాళ్లూ అలాగే మాట్లాడుతున్నారు కదా అనుకున్నారు. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంటి గురించి అలాంటి ప్రశ్నలు ఇంకెవరడుగుతారు? ఊరి పిల్ల మంచి ఇంట పడుతుందని గవరయ్య పడవ ఇచ్చాడు. తానేం తక్కువ తిన్నానని కాళమ్మ ప్లాటు ఇచ్చింది. గవరయ్య అతనికి టీతో పాటు రెండు వడలు కూడా పెట్టాడు, డబ్బులు తీసుకోకుండా.

నవ్వాలో ఏడవాలో చిన్నమ్మికి తెలియలేదు. రెండూ చేసింది. "ఆడు పట్వారీ వొదినా! బుధారం మల్లీ వొత్తాడు. ఉన్నది ఉన్నట్టు సెప్పండి, మీకు దణ్ణమెడతాను."

"అంతే గదా," అంది కాళమ్మ. ఆగి, మరదలి మొహంలోకి చూసింది. "అంతా సెప్పమంతావా?"

ఆ ప్రశ్న ఎందుకడిగిందో చిన్నమ్మికి అప్పుడు తెలియలేదు.

బుధవారం గవరయ్య కొట్టు దగ్గర పట్వారీ డైరీ తెరిచాడు. పడవ తను కల్పించిందేనని గవరయ్య తల గోక్కుంటూ ఒప్పుకున్నాడు. పట్వారీ కాళమ్మ వైపు తిరిగాడు.

"ప్లాటూ లేదు, గీటూ లేదు. రాసుకో బాబూ," అంది కాళమ్మ. "మూడు బుట్టలూ లేవు. ఉన్నది ఒకటే. అదీ వారంలో మూడు రోజులు కాళీయే."

"వొదినా!" అంది చిన్నమ్మి.

"నువ్వుండెహె. ఆ మూడు రోజులూ అవతల బజార్లో సేపలు కోత్తాది బాబూ. కూలికి. ఓపాలి నా కళ్లారా సూసినాను."

"ఆప్‌కో కైసే పతా?" అని అడిగాడు పట్వారీ. "బుట్ట ఖాళీ అని మీకెలా తెలుసు? చూశారా?"

"గుడ్డ కప్పుతాది, ఎలా సూత్తాను? మెడ సూత్తాను. ముప్పై ఏళ్ల నుంచి మోత్తన్నాను నాను. నిండు బుట్టకి మెడ నరాలు తేలతాయి. కాళీ బుట్టకి తేలవు. పాపం, బరువున్నట్టు బిగబట్టి నడుత్తాది గానీ, అడుగు తేలిగ్గా పడిపోద్ది. పదకొండేళ్లనించీ సూత్తన్నాను."

చిన్నమ్మి చెవులు వేడెక్కిపోయాయి. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. పదకొండేళ్లు! అంతలోనే ఇంకోటి గుర్తుకొచ్చింది. ఫెర్రీలో కాళమ్మ రోజూ పక్కన కూర్చుని "ఏం సేపలే ఇయ్యేళ?" అని అడిగేది. కొన్ని రోజులు మాత్రం అడిగేది కాదు. మోకాళ్ల నొప్పి గురించో, అల్లుడి గురించో ఎడతెగకుండా చెప్పుకొచ్చేది. ఆ రోజులు ఏ రోజులో చిన్నమ్మికి ఇప్పుడు తెలిసింది. అన్నీ తెలిసిన మనిషే పట్వారీ దగ్గర తనకు కొబ్బరి తోట రాసిచ్చింది. దీనికి కోపం తెచ్చుకోవాలా, కాళ్లు పట్టుకోవాలా? ఎంత ఆలోచించినా తేలలేదు. పట్వారీ రాసినదాని కింద వేలిముద్ర వేయబోయి, తనకు సంతకం వచ్చన్న సంగతి గుర్తొచ్చి సంతకం చేసింది.

గురువారం సాయంత్రం సర్టిఫికెట్టు వచ్చింది. డెబ్బై రెండు వేలు. శ్రీలక్ష్మి ఆ రాత్రే ఫోనులో స్కాలర్‌షిప్పు దరఖాస్తు పెట్టేసి, తల్లిని ఎత్తుకున్నంత పని చేసింది. కూతురు కళ్లు తుడుచుకుంటుంటే చిన్నమ్మి ఆ అంకె వైపే చూస్తూ కూర్చుంది. నాలుగు లక్షలు పోయినందుకు ఇంత సంతోషించిన ఇల్లు ఇదేనేమో.

శుక్రవారం పొద్దున యర్రయ్య ఉత్త చేతులతో వచ్చాడు. చిన్నమ్మి అలవాటుగా గుడ్డ తడిపి బుట్ట మీద కప్పింది. ఫెర్రీలో కాళమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఈ మోకాలు రాత్రి నిద్దర పోనివ్వలేదే..." అని మొదలెట్టింది.

చిన్నమ్మి బుట్ట ఒళ్లోకి దించుకుని, గుడ్డ తీసి పిండి, పక్కన ఆరేసింది. "ఏం సేపలని అడగవేటి వొదినా?"

కాళమ్మ ఖాళీ బుట్ట వైపు చూసింది. మోకాలి మాట ఆపేసింది. తన బుట్ట దగ్గరకు లాక్కుని, సగం చేపలు తీసి చిన్నమ్మి బుట్టలో పడేసింది.

"నా మెడ లాగేత్తన్నాది. సగం నువ్వు మొయ్యి. ఇయ్యేళ నా పక్కన కూకుని అమ్ము."

చిన్నమ్మి బుట్ట నెత్తికెత్తుకుంది. జెట్టీలో దిగి నడుస్తుంటే ఆమె మెడ నరాలు పైకి తేలాయి.