రెండుంపావు గాజులు

మా వదిన పోయి ఇరవై రోజులైంది. ఆ మంగళవారం మధ్యాహ్నం నందిగామ బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూత్ అతను మా ఇంటికి మనిషిని పంపాడు. పరుగెత్తుకెళ్ళి ఫోన్ అందుకుంటే బెజవాడ ఆసుపత్రి నుంచి అన్నయ్య. "పాప బతికిందిరా. మీ వదిన లేదు" అన్నాడు. అంతే, పెట్టేశాడు.

గుర్రపువాతమట. నిండు గర్భిణికి బీపీ పెరిగిపోయి ఫిట్స్ రావడం. ఆయుష్షు అంతే అంటున్నారు చుట్టాలు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతోంది. ఆయుష్షు కాదు. మేమందరం నోళ్ళు మూసుకోవడం వల్ల పోయింది. అందులో నా నోరూ ఉంది.

ఊరికి నేను ఆరోగ్యం కరపత్రాలు పంచే కుర్రాణ్ణి. ఇంట్లో నా కరపత్రాలు మొదట చదివేది వదిన. చదివి, ఆ కాగితాలతోనే ఆవాలకీ మెంతులకీ పొట్లాలు కట్టేది. "ఏం కరపత్రం, భోంచేస్తావా, ఉపన్యాసం ఇచ్చొచ్చి తింటావా?" అని పిలిచేది నన్ను. మంచినీళ్ళ గురించి నేను రాసిన కాగితం చదివి, "ఇది జనానికి అర్థం కావాలా, నీకు అర్థమైతే చాలా?" అని అడిగింది. కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కూర్చుని తిరగరాశాను. నేను ఎవరిమీదైనా కేకలేసి వస్తే ఒకటే మాట: "అరిస్తే వినరబ్బాయ్. పక్కన కూచుని చెప్పు, వింటారు."

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి వదినకి నెల తప్పింది. ఆ రోజుల్లోనే గర్భిణుల బీపీ గురించి ఒక కరపత్రం తెచ్చాను. ఎవరికి ప్రమాదం ఎక్కువో అందులో ఉంది. వదిన వంటింటి గడప మీద కూర్చుని చదువుతూ వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"తొలి కాన్పు, ఒకటి. ముప్పై అయిదు నిండినయ్, రెండు. నా ఒళ్ళు నువ్వే చూస్తున్నావుగా, మూడు. షుగరు లేదు. ఇదివరకు బీపీ లేదు. కవలలేమో దేవుడికే తెలవాలి."

"ఇంకోటుంది వదినా. తల్లికిగానీ అక్కచెల్లెళ్ళకిగానీ వచ్చుంటే."

నాలుగో వేలు సగం లేచి ఆగిపోయింది. వదిన పెరట్లోకి చూసింది. మా అమ్మ అక్కడ బట్టలు ఆరేస్తోంది.

"మా అమ్మకి వచ్చింది," అంది గొంతు తగ్గించి. "తమ్ముడు పుట్టినప్పుడు. నోట్లో చెంచా పెట్టి పట్టుకున్నారంట నలుగురు. పెళ్ళప్పుడు మీవాళ్ళకి చెప్పలేదు. చెబితే మూర్ఛ రోగం ఇల్లనరూ? మీ అమ్మకి తెలిసిందంటే నేనీ ఇంట్లో తలెత్తుకోలేను. నా మీదొట్టు, ఎవరికీ చెప్పకు."

అది మూర్ఛ కాదని, రెండూ వేరని చెప్పాను. "నాకు తెలుసులే. మీ అమ్మకి నువ్వు చెప్పగలవా?" అంది. నేను ఒట్టేశాను.

అయిదో నెలలో ఆసుపత్రికి వెళ్ళాం. అమ్మ, వదిన, నేను. అక్కడ హాల్లో బల్లమీద అందర్నీ వరసగా కూర్చోబెట్టి, అత్తల ముందు, ఆడబిడ్డల ముందు, నర్సు పుస్తకం పట్టుకుని గట్టిగా అడుగుతూ పోతుంది. తొలి కాన్పేనా, వయసెంత, షుగరుందా. మా వంతొచ్చింది.

"మీ అమ్మకి కాన్పులో బీపీగానీ ఫిట్స్‌గానీ వచ్చినయ్యా?"

వదిన నర్సువైపు చూడలేదు. నావైపు చూసింది. "లేదండీ" అంది.

"వాళ్ళింట్లో అట్టాంటి జబ్బులేం లేవమ్మా. చూసే చేసుకున్నాం" అని పక్కనుంచి మా అమ్మ.

నర్సు రాసేసుకుంది. నా చొక్కా జేబులో ఆ కరపత్రమే ఉంది. వాళ్ళు బయటికి వచ్చాకైనా నేను వెనక్కి వెళ్ళి, నర్సు పక్కన నిలబడి ఒక్క మాట చెప్పొచ్చు. వెళ్ళలేదు. మాట నిలబెట్టుకున్నానని రిక్షాలో గర్వపడ్డాను కూడా. బీపీ కాస్త ఎక్కువే ఉంది, ఎండన పడి వచ్చారుగా, నెల తర్వాత రండి అన్నారు ఆసుపత్రిలో. ఆ పుస్తకంలో "ఉంది" అని పడి ఉంటే వారం వారం రమ్మనేవాళ్ళేమో. బీపీ, మూత్రం ప్రతిసారీ పరీక్ష చేసేవాళ్ళేమో. ఈ "ఏమో" తోనే నేను నిద్ర లేస్తున్నాను.

ఏడో నెలలో సీమంతం చేశారు. ఏటా శ్రావణంలో వదినకి గాజులు తొడిగే ఆమే వచ్చింది. చేతికున్న పాత ఆరు గాజులూ సబ్బునురగ పెట్టినా రావడం లేదు. ఎట్లాగో లాగింది. కొత్త రెండుంపావు సైజు గాజు మణికట్టు దగ్గరికి కూడా రాలేదు.

"ఇదేంటమ్మా, శ్రావణంలో ఇవే జారిపోయినయ్ గదా!"

"మా ఇంటి తిండి అట్టాంటిది" అని అమ్మ నవ్వింది. పేరంటానికొచ్చిన వాళ్ళంతా నవ్వారు. వదినా నవ్వింది.

గాజులామె నవ్వలేదు. వదిన అరచేతి వెనక బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. చాలాసేపు అట్లాగే ఉంది. "ఇది ఒళ్ళు కాదమ్మా, నీరు. కాళ్ళకైతే సరే, చేతులకీ మొహానికీ పట్టింది. డాక్టరుకి చూపిచ్చండి."

"కడుపుతో ఉన్నవాళ్ళకి నీరు పట్టదా? నువ్వు రెండున్నర సైజు తీ ముందు" అంది అమ్మ.

అక్షరం ముక్క రాని మనిషి బొటనవేలితో చదివింది. అచ్చేసి పంచినవాణ్ణి, నేను తాంబూలాల పళ్ళెం మోస్తున్నాను.

వదిన ఆ పాత గాజులకి దారం కట్టి వంటింట్లో మేకుకి తగిలించింది. "కాన్పయ్యాక మళ్ళీ ఇవే వేసుకుంటానబ్బాయ్. ఎవర్నీ తియ్యనీకు" అంది. మర్నాడు జగ్గయ్యపేట, పుట్టింటికి పంపారు.

అక్కడ ఆఖరి వారమంతా తలనొప్పి. కళ్ళ ముందు మెరుపులు. వాళ్ళమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. తనకీ ఆనాడు అట్లాగే మెరిసిందని ఆవిడకి గుర్తు లేకపోలేదు. అల్లుడు, అంటే మా అన్నయ్య, ఆదివారం వచ్చి ఇంట్లోనే ఉన్నాడు, ఆయనకి తెలుస్తుందని నోరెత్తలేదు. మంగళవారం పొద్దున ఫిట్స్ వచ్చాక వ్యాన్ మాట్లాడారు. అది నందిగామ మీదుగానే బెజవాడ వెళ్ళింది, మా వీధి మొగ దాటుకుంటూ. ఆ వేళకి నేను బస్టాండులో కరపత్రాలు పంచుతున్నాను. బెజవాడలో ఆపరేషన్ చేసి పాపని తీశారు. వదిన మళ్ళీ కళ్ళు తెరవలేదు.

పెద్దకర్మ నాడు అందరి ముందూ చెప్పేశాను. వాళ్ళమ్మ గోడకి తల కొట్టుకుంది. మా అమ్మ పాపని ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత, "ముందే తెలిస్తే ఆ ఇంటి పిల్లని తెచ్చుకునేదాన్నే కాదు" అంది. వదిన భయపడింది అచ్చం ఈ మాటకే. ఇంకా అయిపోలేదు. ఒళ్ళో పాపని సర్దుకుంటూ, "ఇదిగో, ఈ సంగతి ఈ గుమ్మం దాటనీకండి. రేపు దీనికి పెళ్ళి కావాలి" అంది.

అందుకే ఈ కరపత్రం అచ్చేస్తున్నాను. ఇంకా పేరైనా పెట్టని ఈ పిల్ల రేపు ఏ ఆసుపత్రి బల్లమీదో కూర్చుంటుంది. అమ్మమ్మకి వచ్చింది, అమ్మకి వచ్చింది అని తల ఎత్తి చెప్పాలి. వదినా, నీ ఒట్టు తప్పాను. ఆలస్యంగా తప్పాను. చదివేవాళ్ళకి అర్థమయ్యేట్టే రాశాననుకుంటాను.

గాజులు ఆ మేకుకే ఉన్నాయి. కింద అల్మరాలో ఆవాల పొట్లం ఉంటుంది. అమ్మ దానికోసం వంగినప్పుడల్లా భుజం తగిలి గాజులు గలగలమంటాయి. ఎవరో వచ్చినట్టు అమ్మ గుమ్మంవైపు తిరుగుతుంది. తిరిగి, పొట్లం చేత్తో పట్టుకుని, బాణలిలో నూనె పొగలొస్తున్నా అట్లాగే నిలబడిపోతుంది.