వైవా లిస్టులో లేని జవాబు

డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారిన మూడో సంవత్సరం మార్చిలో, మాచర్లలోని ఒక ప్రైవేటు కళాశాలకు ఫిజిక్సు ప్రాక్టికల్స్ ఎక్స్‌టర్నల్‌గా నన్ను వేశారు. అప్పటికి నేను నరసరావుపేటలో సీనియర్ లెక్చరర్‌ని. ఎక్స్‌టర్నల్ అంటే బయటి కాలేజీ నుంచి వచ్చి మార్కులు వేసేవాడు. పాఠం చెప్పిన లెక్చరర్ ఇంటర్నల్‌గా పక్కనే కూర్చుంటాడు కానీ, మార్కుల షీటు మీద మొదటి సంతకం ఎక్స్‌టర్నల్‌దే.

ప్రయోగం అయ్యాక నోటితో అడిగే ప్రశ్నలను వైవా అంటారు. అది కోర్సు మీడియంలోనే జరగాలని మాకిచ్చిన సూచనల్లో ఉండేది. నేను చదివింది తెలుగు మీడియంలోనే. ఇంగ్లీషులో పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు పొద్దున్నే లేచి వల్లెవేసుకుని వెళ్లేవాణ్ణి. అయినా రూలు దగ్గర మాత్రం నేను మహా గట్టివాణ్ణనే పేరుండేది. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా.

ఆ రోజు కారంపూడి నుంచి వచ్చే షాహినా అనే అమ్మాయికి ప్రయోగం సగంలో గాల్వనోమీటర్ ముల్లు బిగుసుకుపోయింది. మార్చడానికి ఇంకొకటి లేదు. రీడింగులు సగమే వచ్చాయి కాబట్టి పాసవడం వైవా మీద పడింది. తప్పితే మళ్లీ ఏడాది పరీక్షల దాకా డిగ్రీ చేతికి రాదు, ఆ ఏటి బీఈడీ సీటూ పోయినట్టే.

ఆ కాలేజీలో ఇరవై ప్రశ్నలకు జవాబులు ఇంగ్లీషులో రాయించి, వరసలో బట్టీ పట్టించేవారు. చాలా కాలేజీల్లో అదే పద్ధతి. నేను వరస తప్పించి, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప కోర్‌ను రేకులతో ఎందుకు చేస్తారని ఇంగ్లీషులో అడిగాను. షాహినా లిస్టులోని మొదటి జవాబు గడగడా అప్పజెప్పింది. మళ్లీ అడిగితే రెండో జవాబు చెప్పింది.

ఇంటర్నల్ వెంకటేశ్వర్లు ఉండబట్టలేక అదే ప్రశ్న తెలుగులో అడిగాడు. అమ్మాయి తలెత్తింది.

"ఒకటే ముద్దయితే లోపల కరెంటు సుడి తిరిగి చానా వేడెక్కుద్ది సార్. అందుకే రేకుకీ రేకుకీ మధ్యన వార్నిష్ పూస్తారు. మా నాన్నది మోటార్ల వైండింగ్ షాపు. విప్పినప్పుడల్లా చూస్తానే ఉంటా."

అంత తేటగా నేను కూడా క్లాసులో చెప్పి ఉండను. సంతోషించాల్సింది పోయి, వెంకటేశ్వర్లు మీద కోపం తెచ్చుకున్నాను. రూలు రూలేనన్నాను. "విషయం తెలిసిన పిల్లండీ, వదిలెయ్యండి" అని ఆయన రెండుసార్లు బతిమాలాడు. తెలుగు జవాబును లెక్కలోకి తీసుకోలేదు. అమ్మాయి తప్పింది. షీటు కవరులో పెట్టి లక్కముద్ర వేయించి, సాయంత్రం బస్సెక్కాను.

మరుసటి ఏడు కూడా నన్ను అదే కాలేజీకి వేశారు. తప్పినవాళ్ల బ్యాచిలో షాహినా ఉంది. ఈసారి ఏ ప్రశ్న ఎటునుంచి అడిగినా ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పింది. కోర్ ప్రశ్నకూ పుస్తకంలోని వాక్యం చెప్పింది. ఫుల్ మార్కులు వేశాను. వేశాక, మనసు ఆగక, పోయినేడు చెప్పిన మాట మళ్లీ తెలుగులో చెప్పమన్నాను.

"వద్దులే సార్. దానికే గదా పోయినేడు తప్పించింది" అంది. రికార్డు పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది.

నాకు సిగ్గేసింది. వెంకటేశ్వర్లు తర్వాతి నంబరు పిలిచాడు.

పరీక్షలో దేనికి మార్కులు వేస్తామో పిల్లలు అదే నేర్చుకుంటారు, దేనికి కోస్తామో అది మానేస్తారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఎవరికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. తెలిసిన సంగతి తెలిసినట్టు చెప్పకూడదని షాహినాకు నేర్పిన పాఠం మాత్రం ఆమెకు ఒక్కసారికే వచ్చింది.