బొట్టు పెట్టిన మౌస్

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు ఏ రోగం వచ్చినా మా దగ్గర మందు ఒక్కటే ఉండేది, ఫార్మాట్. తెర నల్లబడినా ఫార్మాటే, ప్రింటర్ మొరాయించినా ఫార్మాటే, కీబోర్డు మీద చాయ్ ఒలికితే కూడా ముందు ఫార్మాట్ చేసి ఆ తర్వాతే గుడ్డతో తుడిచేవాళ్లం. కోరుట్లలో ఆరు నెలల కోర్సు చేసి, లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని (సంచిలో పెడితే ఎవరూ చూడరని) జగిత్యాలలో ఒక కంప్యూటర్ దుకాణంలో చేరినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. దుకాణం సారు ఎప్పుడూ చెవి మీద స్క్రూడ్రైవర్ పెట్టుకుని తిరిగేవాడు. అందుకని ఆయన లేనప్పుడు పేచ్‌కస్ సారు అని పిలుచుకునేవాళ్లం. ఆయన చదివింది పదో తరగతి. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్ల దాకా వచ్చినవాడు. పనికి పంపేటప్పుడల్లా నాకు ఒకే మాట చెప్పేవాడు, "ముందు చూడు, తర్వాత ముట్టు" అని. సర్టిఫికెట్ ఉన్నవాడిని కదా, ఆ మాట నాకు రేడియోల కాలం నాటిదిగా అనిపించేది.

సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది ఒక శనివారం పొద్దున. చేసింది ఒక అక్క. జగిత్యాలలో చదువుకున్నప్పుడు మా దుకాణంలోనే పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుపోయింది, ఇప్పుడు సిరిసిల్లలో బడిలో పాఠాలు చెబుతోంది. కంప్యూటర్‌లో ఆట నడవడం లేదని ఆమె ఫిర్యాదు. ఆట నడవకపోతే అంత తొందరేమిటని నేను కొంచెం పెద్దమనిషి గొంతుతో అడిగాను. అప్పుడు అసలు సంగతి చెప్పింది. వాళ్ల నాన్న ఆసామి, అంటే ఇంటి వెనక షెడ్డులో సొంతంగా నాలుగు మరమగ్గాలు పెట్టుకుని బట్ట నేయించేవాడు. నలభై ఏళ్లు ఆ సాంచల (మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు) మధ్యనే గడిపాడు. నూలు దుమ్ము ఛాతీలో చేరి, మెట్టు ఎక్కితే చాలు ఆయాసం. కరీంనగర్ డాక్టర్ ఇక షెడ్డు గడప తొక్కవద్దని గట్టిగా చెప్పాడు. మనిషి వింటేనా? దగ్గుకూ సాంచకూ సంబంధమే లేదని ఆయన వాదన. చివరికి బిడ్డ ఒక ఉపాయం చేసింది. కంప్యూటర్‌లో ఉన్న పాత ఆట ఒకటి నేర్పించి, ఆయనను దాని ముందు కూర్చోబెట్టింది.

"ఆట ఆగిందంటె బాపు లేసి సాంచల కాడికి పోతడు తమ్మీ. గాడికి పోతె రాత్రంత దగ్గుడే. గందుకే జల్ది రమ్మంటున్న" అంది.

వేములవాడ మీదుగా బస్సు పట్టుకుని వెళ్లాను. వెనక షెడ్డులో సాంచలు టకటకమంటుంటే ముందు గదిలో మాట వినపడాలంటే గొంతు పెంచాలి. నేను గడపలో కాలు పెట్టగానే చిన్నమ్మ (అక్క వాళ్ల అమ్మ) మంచినీళ్లు ఇచ్చి, కంప్యూటర్ డబ్బాకు తొడిగిన గలీబును విప్పి మర్యాదగా మడిచి పక్కన పెట్టింది. ఇంటి సాంచ మీద నేసిన బట్టతో, చుట్టూ కుచ్చులు పెట్టి, దుమ్ము లోపలికి పోకుండా అన్ని వైపులా నాడాలు కట్టి కుట్టిన గలీబు అది. ఎంత బాగా కుట్టారు చిన్నమ్మా అని మెచ్చుకున్నాను కూడా. ఆ మెచ్చుకోలు ఎంత తెలివితక్కువదో అప్పుడు తెలియదు.

ఆసామి కాక (అక్క వాళ్ల నాన్న) కుర్చీలో కూర్చుని ఆట చూపించాడు. పల్లె కట్టే ఆట. చిన్న చిన్న మనుషులుంటారు, మౌస్‌తో చూపించిన చోటికి వెళ్లి చెట్టు కొడతారు, పొలం దున్నుతారు, కోట గోడ లేపుతారు. మధ్యమధ్య శత్రువులు దాడికి వస్తారు. కాకకు యుద్ధం మీద మనసు లేదు. ఆయనకు నచ్చింది పనివాళ్లు. చెప్పిన పని చేస్తారు, బీడీ తాగి వస్తామని అటే పోరు, పండుగ పూట అడ్వాన్స్ అడగరు అని మురిసిపోయాడు. ఇప్పుడు మాత్రం ఆ పనివాళ్లు తాబేళ్లలా నడుస్తున్నారట, పైగా మౌస్ బాణం ఒకచోట నిలవక తెరంతా దూకుతోందట. "పనోన్ని చేనుకు పొమ్మంటె చెర్ల దిగుతున్నడు" అన్నాడు, నిజంగా ఒక మనిషి మునిగిపోతున్నంత దిగులుగా.

నేను వెంటనే రోగం తేల్చేశాను, పాత ఆట, విండోస్ పాడైంది అని. సాయంత్రం దాకా ఫార్మాట్ చేసి, ఆటను మళ్లీ ఎక్కించాను. మౌస్ మీద కూడా అనుమానం ఉంచుకోవడమెందుకని సంచిలోంచి కొత్తది తీసి తగిలించి, పాతదాన్ని తిప్పి కూడా చూడకుండా బల్ల మీద పెట్టాను. ఆట మొదలుపెట్టగానే పనివాళ్లు పరుగెత్తారు, బాణం చెప్పినచోట నిలిచింది. కాక మొహం వెలిగింది. చిన్నమ్మ మక్క (మొక్కజొన్న) గారెలు పెట్టింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నాలాంటివాడు జగిత్యాలలో ఎన్నాళ్లని ఉంటాడు, హైదరాబాద్ పిలవక తప్పదు అనుకున్నాను.

మళ్లీ శనివారం మళ్లీ ఫోన్. అదే రోగం. ఈసారి ఇంటర్నెట్‌లో వెతికి, పాత ఆటలను కొత్త విండోస్‌లో నడిపించే చిట్కాలన్నీ రెండు పేజీలు రాసుకుని వెళ్లాను. రంగులు తగ్గించాను, తెర సైజు మార్చాను, మౌస్ వేగం సగం చేశాను, ఏదో ప్యాచ్ వేశాను. చివరికి, ఎందుకైనా మంచిదని, ఇంకో కొత్త మౌస్ తగిలించాను. బ్రహ్మాండంగా నడిచింది. ఘనతంతా ప్యాచ్‌కు ఇచ్చాను, అంటే నాకే ఇచ్చుకున్నాను. మళ్లీ గారెలు తిన్నాను. పేచ్‌కస్ సారు మాత్రం "డబ్బ విప్పి చూసినవా?" అని అడిగాడు. ఇది సాఫ్ట్‌వేర్ సమస్య సారూ, విప్పితే కనపడదు అని చెప్పాను. ఆయన నన్ను కాసేపు చూసి తన పనిలో పడ్డాడు.

మూడో శనివారం ఫోన్ చేసినప్పుడు అక్క గొంతు వేరుగా ఉంది. కాక నిన్న సాయంత్రం నుంచి షెడ్డులోనే ఉన్నాడట, పిలిస్తే పలకడం లేదట. నేను సంచి సర్దుకుంటుంటే సారు అడ్డం వచ్చి, ఈసారి ఒక్క మౌస్ కూడా ఇవ్వనన్నాడు. "ఉన్నదానితోనే నడిపియ్యి. నడవకపోతె ఎందుకు నడుస్తలేదో తెలుసుకొని రా" అన్నాడు. బస్సులో ఈసారి హైదరాబాద్ గుర్తుకు రాలేదు. ఆ మనిషి దగ్గే చెవుల్లో మోగింది. నేను రెండుసార్లు బాగు చేశాననుకున్నది నిజంగా బాగు కాలేదని, ఎందుకు కాలేదో నాకు తెలియదని మొదటిసారి ఒప్పుకున్నాను. సిగ్గేసింది.

వెళ్లేసరికి కాక షెడ్డు గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి దగ్గుతున్నాడు. మీసాల మీద తెల్లటి పీచు. నన్ను చూసి, ఇక ఆ ఆట వద్దులే పిలగా, నాకు వచ్చిన పని నాకుంది అన్నాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో ఒకటి చేయాలి కాబట్టి, కొత్త మౌస్ లేదు కాబట్టి, నేను ముందు తీసేసిన పాత మౌస్‌లేమైనా ఉంటే ఇవ్వమన్నాను, ఒకదానితో ఒకటి పోల్చి చూద్దామని. అక్క లోపలికి వెళ్లి, దేవుడి గూట్లోంచి రెండు మౌస్‌లు తెచ్చి నా చేతిలో పెట్టింది.

దేవుడి గూట్లో ఎందుకున్నాయని అడగబోయి, చేతిలో ఉన్నవాటిని చూశాను. రెండూ వెల్లకిలా ఉన్నాయి. రెండింటి కడుపుల మీదా, సరిగ్గా ఎర్రలైటు వెలిగే కంతలో, పసుపు రాసి కుంకుమ అద్ది ఉంది. బల్ల మీదున్న మూడోదాన్ని తిప్పాను. దానికీ ఉంది, రంగు ఇంకా తాజాగా ఉంది.

చిన్నమ్మ తప్పు చేసినట్టు ఏమీ అనుకోలేదు. నాకే తెలియని సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "మిషిని కద కొడుకా. సుక్కురారం సుక్కురారం సాంచలకు పెడ్త, దీనికెందుకు పెట్టద్దు? పైన పెడ్తె చెయ్యి తాకి చెరిగిపోతున్నది. కింద ఎర్రగ కన్ను లెక్క వెలుగుతుంటె, పానం గాడనే ఉన్నదనుకున్న."

ప్రాణం ఎక్కడుందో ఆమె సరిగ్గానే పట్టుకుంది. సర్టిఫికెట్ ఉన్న నాకే మూడు వారాలు పట్టింది. బొట్టు పెట్టినదాన్ని చెత్తలో పారేయకూడదు కాబట్టి, నేను తీసేసిన రెండింటినీ గూట్లో భద్రం చేసింది. శుక్రవారం బొట్టు, శనివారం ఫోన్. వారం ఏదో కూడా చూసుకోకుండా నేను రెండు పేజీల చిట్కాలు రాసుకున్నాను. దూది పుల్లతో కన్ను తుడిచేసరికి బాణం కుదురుగా నిలబడింది. అక్క నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక నుంచి బొట్టు వీపు మీదే పెడతానని చిన్నమ్మ ఒప్పుకుంది.

బాణం నిలిచినా పనివాళ్లు మాత్రం తాబేళ్లే. ఈసారి గలీబు ఇంకా విప్పలేదు, దిగుల్లో ఎవరికీ గుర్తులేదు. నిన్నటి నుంచి ఎవరూ ఆపని డబ్బా మీద చెయ్యి పెడితే అట్లపెనంలా కాలింది. అప్పుడు అర్థమైంది. నేను వచ్చినప్పుడల్లా మర్యాద కోసం గలీబు విప్పుతారు, డబ్బాకు గాలి ఆడుతుంది, ఆట పరుగెత్తుతుంది. నేను బస్సెక్కగానే దుమ్ము పడుతుందని నాడాలు కట్టేస్తారు, వేడెక్కి ఆట నడక మొదలుపెడుతుంది. నేను ఉన్నంతసేపే బాగుండే రోగానికి నేనే వైద్యుణ్ణనుకున్నాను. పేచ్‌కస్ సారు మాట గుర్తొచ్చి, స్క్రూలు తీసి డబ్బా విప్పాను.

లోపల ఫ్యాను కనపడలేదు. దాని రెక్కల మధ్య, కింది పలకల సందుల్లో, తెల్లటి నూలు పీచు అదిమిన పరుపులా పేరుకుపోయి ఉంది. ఆ గలీబు కుట్టకముందు నుంచీ చేరినదే అంతా. వేళ్లతో పట్టి లాగితే ముద్దలుగా ఊడి వచ్చింది, దోసెడు నిండింది. గాలి పీల్చుకునే దారి మూసుకుపోయి పాపం ఇదేం చేస్తుంది కాకా అని, నా ధోరణిలో నేను అనేశాను.

అప్పటికి లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డ కాక వంగి ఆ పీచును తన అరచేతిలోకి తీసుకున్నాడు. నలిపి చూశాడు. ఏ నూలో ఆయనకు తెలుసు. వెనక సాంచలు ఆడుతూనే ఉన్నాయి.

"గిది మనింటికి వచ్చి ఎన్నేండ్లయింది బిడ్డా?" అని అక్కను అడిగాడు.

మూడేళ్లని చెప్పింది.

"మూడేండ్లకే దీనికి గింత వట్టింది" అన్నాడు. "నాకు నలభై ఏండ్లు."

డాక్టర్ చెప్పినప్పుడు, ఎక్స్‌రే చూపించినప్పుడు, బిడ్డ బతిమాలినప్పుడు నమ్మని మనిషి, నా చేతిలోంచి తీసుకున్న ఆ దోసెడు దూదిని నమ్మాడు. నేను దాన్ని బయట పారేయబోతే వద్దని, ఒక గాజు సీసా తెప్పించి, అందులో కుక్కి, కంప్యూటర్ పక్కన పెట్టించుకున్నాడు. కాళ్లు షెడ్డు వైపు లాగినప్పుడల్లా అటు చూస్తాడట. నెల తిరక్కముందే షెడ్డును తమ్ముడి కొడుకుకు అప్పగించాడని అక్క చెప్పింది. ఆ రోజు చిన్నమ్మ పెట్టిన గారెలు నాకు సరిగా దిగలేదు. నాకు తెలియకుండా చేసిన పనికి మెప్పు తినడం అలవాటు లేదు మరి (తెలిసి చేశాననుకున్న పనికి మాత్రం రెండు వారాలు హాయిగా తిన్నాను).

ఇప్పుడు నాకు కోరుట్లలో సొంత దుకాణం ఉంది. హైదరాబాద్ పిలవలేదు, నేనూ అడగలేదు. పోయిన నెల అక్క ఫోన్ చేసింది. కొడుకు చదువుకు కొత్త ల్యాప్‌టాప్ కొన్నారట, కాక అందులో తన పాత ఆట వేయించుకున్నాడట. ఈసారి రోగం తిరగబడింది. కొత్త మిషన్ వేగానికి ఆట గుర్రంలా పోతోంది, మౌస్ కొంచెం కదిపితే బాణం తెర చివరికి పారిపోతోంది. ఇటు చెట్టు కొట్టమని చెప్పేలోపే అటు శత్రువులు వచ్చి కోట కూల్చి వెళ్లిపోతున్నారట. ముందు మౌస్ తిప్పి చూడక్కా అన్నాను. నవ్వి, బొట్టు వీపు మీదే ఉంది తమ్మీ అంది. ఇంటర్నెట్ ద్వారా ఇక్కడి నుంచే ఆమె తెర చూస్తూ, ఆట వేగానికి పగ్గం వేశాను, మౌస్ వేగం తగ్గించాను. పది నిమిషాల పని. ఫార్మాట్ చేయలేదు.

కాక ఫోన్ తీసుకున్నాడు. గొంతు సన్నబడింది కానీ మాట మధ్యలో దగ్గు లేదు. తెర మీద పనివాడొకడు నింపాదిగా చేనుకు నడుస్తున్నాడు. "గిదే నడక పిలగా. గిది సాలు" అన్నాడు. సీసా ఇంకా ఉందా కాకా అని అడిగితే, ఉందన్నాడు. "నువ్వు గూడ మూతికి గుడ్డ కట్టుకొని పని చెయ్యి. నీకు చెప్పెటోళ్లు లేరు."

ఫోన్ పెట్టేశాక నా ఎదురుగా బల్ల మీద ఒక విప్పిన డబ్బా ఉంది. బ్లోయర్‌తో దుమ్ము ఊదుతుండగా ఫోన్ వచ్చింది, ముక్కుకు ఏమీ కట్టుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఊదుతున్నాను, ఎప్పుడూ కట్టుకోలేదు. జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డంగా బిగించుకున్నాను. అద్దం ముందు నుంచి పోతుంటే చెవి మీద స్క్రూడ్రైవర్, ముక్కుకు గుడ్డ, నెరిసిన చెంపలతో ఎవరో పేచ్‌కస్ సారు కనిపించాడు. నవ్వొచ్చింది. గుడ్డ వెనక కాబట్టి ఎవరికీ కనపడలేదు.